తొమ్మిది రోజుల బిడ్డ

“మీరే సంపేసారు! సంపేసి, ఇప్పుడు పేణంతో పుట్టనే లేదంటారా?”

యర్రమ్మ చేతిలో రాయి ఉంది.

2021 జూన్ 4. ఉదయం 9:40. జంగ్లీఘాట్, రేవుగట్టు ప్రసూతి కేంద్రం. గేటుకి తాళం. గేటు పక్కన నేలమీద ఓ తల్లి, ఒళ్ళో పసివాడు. కోవిడ్ టెస్ట్ రిపోర్ట్ వస్తేగాని లోపలికి రానివ్వరని పొద్దున్నించీ అక్కడే.

వాళ్ళ తలల మీద బ్యానర్: కోవిడ్ కాలంలోనూ శిశు మరణాలు సున్నా.

ఎస్సై సింధూరి అది చదివింది. నమ్మలేదు.

“అమ్మా, ఆ రాయి కింద పడెయ్.”

“పడేస్తాను. ముందు నా మనవరాల్ని రాయమను.”

గేటు సందులోంచి నర్సు అందించిన రిజిస్టర్‌లో ఆ బిడ్డ గురించి ఒకే లైను ఉంది. స్వాతి, ఆడపిల్ల, మే 14, మృత జననం. అంటే చచ్చి పుట్టిందని.

“ఏడుస్తూనే పుట్టింది మేడమ్,” అంది యర్రమ్మ కూతురు స్వాతి. “మూడో రోజు ఇంటికి పంపారు. 23న పాలు మానేసింది. ఊపిరి ఎగదన్నింది. సాయంత్రం ఏడూ పదికి ఇక్కడున్నాం. నా కోవిడ్ రిపోర్ట్ వస్తేనే గేటు తీస్తామన్నారు.”

“ఎప్పుడు తీశారు?”

“పదకొండూ నలభైకి. అప్పటికే ఒళ్ళు చల్లబడిపోయింది.”

“డిశ్చార్జ్ కాగితం?”

“సిస్టర్ లాక్కుంది. శవాన్ని వాళ్ళే మూటకట్టి పూడ్చేశారు.”

“ఇంట్లో బిడ్డని చూసినవాళ్ళు?”

“వీధంతా కంటైన్మెంట్. ఎవరొస్తారు?”

“ఫోన్లో ఫొటో?”

యర్రమ్మ తల దించుకుంది. “పురుడు ఎల్లకుండా ఫొటో తీస్తే దిష్టని నేనే వొద్దన్నాను. నా సేతుల్తో నేనే సెరుపుకున్నా.”

సాక్షి లేదు. కాగితం లేదు. ఫొటో లేదు.

“సునామీకి నా కొడుకు పోయాడు,” అంది యర్రమ్మ. “శవం దొరకలేదు. మిస్సింగ్ అన్నారు. ఇదీ అలాగే పోవాలా? బోలో, సెప్పు!”

ఆమె చెయ్యి ఊపింది. ముంజేతికి నల్లతాడు. దానికో తాయెత్తు. మరీ చిన్నది. కొత్తది.

సింధూరి ఆ చెయ్యి పట్టుకుంది. “ఇది ఎవరికోసం చేయించావు?”

యర్రమ్మ చెవిలో చెప్పింది.

11:15. ఎస్సై కోసం తీసిన గేటుకి వెనకే మళ్ళీ తాళం పడింది. డాక్టర్ గిరిధర్ గది. పక్కన నర్సు శాంతకుమారి, చేతులు నలుపుకుంటూ.

“డాక్టర్‌గారూ, రెండేళ్ళ క్రితం ఇక్కడ మృత జననాలెన్ని?”

“రెండు.”

“ఈ ఏడాది?”

“పదకొండు. పాండెమిక్ కదా మేడమ్.”

“పుట్టాక చచ్చిన పిల్లలు మాత్రం సున్నా. ఎందుకంటే చచ్చి పుడితే ఆ లెక్కలో పడరు. మీరు గేటు తియ్యలేదన్న మాటా రాదు.”

“సాక్ష్యం ఉందా?”

సింధూరి యర్రమ్మ ఇచ్చిన తాయెత్తు విప్పింది. బల్లమీద ఎండిన ముక్క ఒకటి పడింది. నల్లగా, చిటికెనవేలి గోరంత.

“రాలిన బొడ్డు. మా ఇళ్ళల్లో దాచి, తాయెత్తులో పెట్టి పిల్ల మొలకి కడతారు. ఎనిమిదో రోజు రాలింది. తొమ్మిదో రోజు పిల్ల పోయింది. మొలకి కట్టే వ్యవధి లేక అమ్మమ్మ చేతికి కట్టుకుంది. చచ్చి పుట్టిన బిడ్డకి బొడ్డు ఇలా ఎండి రాలుతుందా? మీరే చెప్పండి, మీరు చదువుకున్నారు.”

గిరిధర్ కుర్చీ వెనక్కి జరిపాడు. “అది... ఏ పిల్లదైనా కావచ్చు.”

“డీఎన్ఏకి పంపుతున్నా. స్వాతి రక్తం కూడా. పూడ్చిన చోటు ఎలాగూ తవ్విస్తా.”

శాంతకుమారి ముందుకొచ్చింది. “సార్ రాయమన్నారు మేడమ్. ఒక్కటే అన్నారు. తర్వాత ఇంకొకటి...”

“పదకొండులో ప్రాణంతో పుట్టినవాళ్ళెందరు?”

“ఏడుగురు.”

“ఏడుగురు తల్లులు!” సింధూరి వెనకే గేటు దాటొచ్చిన యర్రమ్మ గుమ్మంలో ఉంది. ఎవరూ రమ్మనలేదు. “ఓ డాక్టరూ! బ్యానర్ కట్టడానికి తాడు దొరికింది. తాళం తియ్యడానికి సెయ్యి రాలేదా?”

గిరిధర్ బల్లమీది రిజిస్టర్ మూసెయ్యబోయాడు.

సింధూరి రిజిస్టర్ నర్సు ముందుకి తోసింది. “పాత లైను కొట్టెయ్యకు. కింద కొత్తగా రాసి సంతకం పెట్టు. బిడ్డ పేరేంటమ్మా?”

“పేరెక్కడిది? పురుడే ఎల్లలేదు. స్వాతి కూతురని రాయి. తొమ్మిది రోజులు బతికిందని రాయి. ఏ గేటు కాడ సచ్చిందో, ఎన్ని గంటలు కూకోబెట్టారో, అదీ రాయి. మిగతా ఆరుగురివీ రాయి.”

గేటు బయట పసివాడు ఏడుస్తున్నాడు. గొంతు సన్నబడుతోంది. అందరికీ వినిపించింది.

యర్రమ్మ గిరిధర్ ముందుకొచ్చి అరచెయ్యి చాపింది.

“రాత తర్వాత. ఆ గేటు తాళంచెవి ఇలా ఇయ్యి. ఇప్పుడే.”