ముల్లు కదలని మనిషి

రెండువేల ఎనభై ఏడు నాటికి తెలుగువాళ్ల మాటల్లోకి ఒక కొత్త పొగడ్త వచ్చి చేరింది. పక్షపాతం లేకుండా తీర్పు చెప్పే జడ్జిని, సొంత కొడుక్కి కూడా తక్కువ మార్కులు వేసే మాస్టారిని ‘ముల్లు కదలని మనిషి’ అనేవారు. పెళ్లి సంబంధాలప్పుడు కూడా “అబ్బాయి తండ్రి ముల్లు కదలని మనిషండీ” అని గర్వంగా చెప్పుకునేవారు.

ఆ ముల్లు మమతామాపకానిది. జనం నోట్లో అది మమతమీటర్.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ ఇందుకూరి శాంభవి ఆ సాయంత్రం విశాఖలోని తన ఫ్లాట్‌లో కాఫీ కలుపుతోంది. హాల్లో బొడ్డేపల్లి సుజన కూర్చుని ఉంది. సుజన తండ్రి తారకేశ్వరరావు శాంభవి ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. పోయిన ఏడాది చనిపోయాడు.

“తీసుకో అమ్మా. మీ నాన్నకి నా చేతి కాఫీ అంటే ప్రాణం,” అంది శాంభవి.

సుజన కప్పు అందుకుని బల్లమీద పెట్టింది. “పొద్దున్న నాన్న పేజీ దిద్దాలని నేనే ప్రయత్నించానండీ. నాన్న పేరు తెర మీదికి రాగానే ముల్లు ఎగిరి ఆ చివరికి కొట్టుకుంది. ‘మీరు కూతురు, తప్పుకోండి’ అంది కావలి.”

“అండీ ఏమిటి, అత్తా అను. మీ నాన్న నాకు సొంత అన్నయ్యలాంటివాడు.”

“సరే అత్తా.”

కావలి అంటే లోకకోశానికి కాపలా ఉండే యంత్రం. లోకకోశంలో భూమ్మీద పేరున్న ప్రతివాడికీ ఒక పేజీ ఉంది, దాన్ని ఎవరైనా దిద్దవచ్చు. ఒకప్పుడు ఈ వెసులుబాటే దాని కొంప ముంచింది. మంత్రులు తమ కేసుల్ని రాత్రికి రాత్రి చెరిపేసుకున్నారు. సినిమావాళ్లు తమ వయసు తగ్గించుకున్నారు. కంపెనీలు తమ పేజీల్ని కూలికి రాయించుకున్నాయి. తన గురించి తానే రాసుకోవడంలో ఉన్న ఈ ప్రయోజనాల ఘర్షణను ఏ నిబంధనా ఆపలేకపోయింది. మమతామాపకం ఆపింది. దిద్దేవాడు దవడ కింద ఒక పట్టీ అంటించుకోవాలి. ఆ పేజీ తాలూకు పేరు తెర మీద కనబడగానే దవడ కండరం బిగుసుకుందా, ఊపిరి ఒక్క క్షణం ఆగిందా అని పట్టీ చూస్తుంది. ముల్లు ఎర్రగీత దాటితే కావలి అక్షరం కూడా ముట్టనివ్వదు.

“అసలు నా పేజీలో ఏముంది? నా పేజీ నేనెప్పుడూ తెరవలేదమ్మా. అదొక నియమం,” అంది శాంభవి.

సుజన చదివి వినిపించింది. “‘ముల్లు కదలని మనిషిగా పేరొందిన శాంభవికి, తన చెల్లెలి పెళ్లిలో అతిథులను గమనిస్తుండగా మమతామాపకం ఆలోచన తట్టింది.’ ఇప్పుడు ఇది చూడండత్తా.”

ఆ పెళ్లి వీడియోనే. భోజనాల బంతి నడుస్తోంది. మైకులో చదివింపులు వినిపిస్తున్నాయి. ఎవరు ఏం చదివించారో పేరుపేరునా చెబుతున్నారు. శాంభవి పక్కన ఆకు ముందు కూర్చున్న తారకేశ్వరరావు గొంతు తగ్గించి అంటున్నాడు:

“మేడమ్, అటు సూడండి. పేరు సదివినప్పుడల్లా ఆ పేరు గల ఆసామి దవడ ఆగిపోతంది. పక్కోళ్లు నములుతానే ఉన్నారు.”

“బూరెలు బాగున్నట్టున్నాయి. మీరూ తినండి రావుగారూ.”

“కాదు మేడమ్. తనకేటీ పట్టనట్టు కూకుంటాడు, దవడ మాత్రం అబద్ధం ఆడదు. దీన్ని కొలవొచ్చు.”

శాంభవి రెండుసార్లు చూసింది. అనుమానం లేదు. ఆలోచన ఆయనదే.

“రేపు పొద్దున్న చంద్రప్రతి తీస్తారత్తా,” అంది సుజన. లోకకోశాన్ని లోహపు పలకల మీద చెక్కి చంద్రుడి మీద దాచబోతున్నారు. చెక్కాక ఇక మార్పు లేదు. “ముక్కూమొహం తెలియని సంపాదకుల వరసలో మన వంతు రావాలంటే ఏడాది పడుతుంది. ఈ సాయంత్రం దాటితే నాన్న ఎప్పటికీ ‘సాంకేతిక సహాయకుడు’ గానే మిగిలిపోతారు.”

శాంభవి పట్టీ అంటించుకుని తన పేజీ తెరిచింది. ముల్లు ఎర్రగీత దాటి వణికింది.

“మీ పేజీ మీరు దిద్దకూడదు డాక్టర్,” అంది కావలి మర్యాదగా.

“నా గొప్ప నేనే తీసేస్తున్నాను. ఇందులో నాకేం లాభం?”

“‘తన ఘనతను వదులుకున్న మహామనిషి’ అని రేపు ఎవరైనా రాస్తారన్న ఆలోచన మీకు రాలేదా?”

శాంభవికి ఆ ఆలోచన వచ్చింది, వీడియో రెండోసారి చూస్తున్నప్పుడే.

సుజన నవ్వు ఆపుకుంది. “ఈ మీటర్ ముందు దేవుడైనా తన గుడి గురించి ఒక్క ముక్క రాయలేడు అనేవారు నాన్న.” కప్పు పక్కకి జరిపి అంది, “పోనీ నాన్న పేజీ దిద్దితే? ఒక పేజీలో మాట ఆధారంతో మారితే, దానికి పొసగని పేజీలన్నీ కావలే సరిచేస్తుంది కదా.”

“పిచ్చిపిల్లా. నా పేరు చూస్తేనే ఇంత ఊగింది. ఇరవై రెండేళ్లు పక్కపక్కన పనిచేసిన మనిషి పేరు చూస్తే విరిగిపోతుంది.”

“ఒక్కసారి చూడండత్తా.”

శాంభవి మంచినీళ్లు తాగింది. కళ్లు మూసుకుని ఊపిరి సర్దుకుంది. మనసుని బండరాయి చేసుకోవాలనుకుంది. కళ్లు తెరిచింది.

తెర మీద బొడ్డేపల్లి తారకేశ్వరరావు పేరు వచ్చింది.

పచ్చదీపం వెలిగింది.

“ఈ వ్యక్తి మీద మీకు ఎలాంటి మమతా లేదు. మీరు అర్హులు. దిద్దుబాటు రాయండి,” అంది కావలి.

“పట్టీ ఊడినట్టుంది,” అంది శాంభవి. తీసి, మళ్లీ నొక్కి అంటించింది. ముల్లు సున్నా మీద ఉంది. తన పేజీ తెరిచింది. ఎగిరింది. మళ్లీ ఆయన పేజీ తెరిచింది. సున్నా.

ఆయన నవ్వితే ఎలా ఉండేవాడో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. భార్య పేరేమిటో తలుచుకోబోయింది. ఆ వీడియోలో తప్ప ఆయన గొంతు ఎక్కడా దొరకలేదు.

సుజన తెరవైపే చూస్తోంది. ఆమె ముఖంలో కోపం లేదు.

శాంభవి టైపు చేసింది: ‘మమతామాపకం వెనక ఉన్న మూల ఆలోచన ఈయనది.’ వీడియోను ఆధారంగా జత చేసింది. వేళ్లు ఎక్కడా తడబడలేదు. దిద్దుబాటు నిలిచింది. ఆ వెంటనే శాంభవి పేజీలోనూ వాక్యం మారింది. చెల్లెలి పెళ్లిలో ఆలోచన తట్టింది ఇప్పుడు తారకేశ్వరరావుకి. ‘ముల్లు కదలని మనిషి’ అన్న మాట మాత్రం అక్కడే ఉంది. దానికి కావలి ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

సుజన బ్యాగు తీసుకుని లేచింది. “చాలా థాంక్సండీ. నాన్న సంతోషించేవారు.”

“కాఫీ అలాగే ఉండిపోయింది. చల్లారిపోయిందేమో, వేడి చేసి ఇస్తాను.”

“వద్దండీ,” అంది సుజన చెప్పులు వేసుకుంటూ. “నాన్నకీ నాకూ కాఫీ పడదు. మా ఇంట్లో అందరం టీయే తాగుతాం, మేడమ్.”