బూడిద భట్టీ దగ్గర అత్తగారు

చీకటిపడ్డాక బూడిద భట్టీని టోపీ తీయకుండా దాటే మగాడు మా ఊళ్ళో లేడు. మొండివాళ్ళకేం కొదవ లేదు మాకు. పాదిరిగారు నరకం గురించి చెబుతుంటే గురక పెట్టేవాళ్ళున్నారు. కానీ భట్టీ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎవరి చెయ్యి అయినా తలమీదికి పోవలసిందే.

నిజానికి అక్కడ ఇప్పుడు భట్టీ అంటూ ఏమీ లేదు. వాగు పక్కన కాలిన నాలుగు గోడలు, బోర్లాపడ్డ ఇనప కొప్పెర, చుట్టూ బూడిద కుప్పలు. ఒకప్పుడు కట్టెల బూడిదను నీళ్ళలో కాచి, ఉప్పులాంటి సరుకు తీసి, పీపాల్లో బోస్టన్‌కి పంపేవారు. కాచే ముసలాయన ఒక శీతాకాలం రాత్రి భట్టీతో పాటే కాలిపోయాడు.

అప్పట్నించీ చీకటిపడితే అక్కడొక చప్పుడు. చప్... చప్... చప్... ఎవరో తీరిగ్గా రాయిని నాకుతున్నట్టు. ముసలాయన తన ఉప్పు తనే రుచి చూసుకుంటున్నాడని ఊరంతా చెప్పుకునేది.

నాకు దెయ్యాలమీద నమ్మకం లేదు. పత్రికలమీద అంతకన్నా లేదు. ముప్పై ఏళ్ళు సత్రం నడిపినదాన్ని, రెండింటి గురించీ కావలసినంత విన్నాను. ఇది మాత్రం ఎల్కానా టిల్సన్ నా పొయ్యి పక్కన కూర్చుని ఇరవైసార్లు చెప్పిన సంగతి. ఒక్కసారి కూడా ముక్క మార్చలేదు. చివర్లో కొంత వేరేచోట విన్నాను, అదీ దాచను.

పద్దెనిమిదివందల పదహారో సంవత్సరం. వేసవి రావడం మర్చిపోయిన ఏడు.

జూన్ ఐదో తారీఖున ఎండ మాడ్చేసింది. ఎల్కానా పంచాంగం తీసి చూశాడు, వాతావరణం బాగుంటుందని రాసి ఉంది. వెంటనే గొర్రెలన్నిటికీ ఉన్ని కత్తిరించి, ఆ సాయంత్రమే బండికెత్తి మిల్లుకి పంపేశాడు. రెండు రోజులాగమని అతని భార్య ఫిలూరా చెబుతూనే ఉంది. పంచాంగం వేసినవాడికంటే నీకు ఎక్కువ తెలుసా అన్నాడట.

మర్నాడు మంచు పడింది. జూన్ నెలలో, మొక్కజొన్న జానెడు ఎత్తు లేచాక, చీలమండలు మునిగేంత మంచు.

మొక్కజొన్న నల్లబడి చచ్చింది. పిట్టలు రెక్కలు ముడుచుకుని రాలి పడ్డాయి. ఊళ్ళో మిగతావాళ్ళు కత్తిరించిన ఉన్నినే తాళ్ళతో మళ్ళీ గొర్రెలకు కట్టారు. కట్టిన తీరు చూస్తే పరుపులు నడిచొస్తున్నట్టుండేది. ఎల్కానా గొర్రెలకు ఆ యోగం కూడా లేదు. అవి నూలుపోగు లేకుండా పాకలో వణుకుతున్నాయి.

వీటికేం కప్పమంటారని ఫిలూరా అడిగింది. ఏదో ఒకటి కప్పు, నాకు అవతల ముఖ్యమైన పనుంది అని అతను నా సత్రానికి వచ్చేశాడు.

ముఖ్యమైన పనంటే పత్రిక. వారానికొకసారి, మూడు వారాలు పాతబడి, నా దగ్గరికొచ్చేది. ఎల్కానా చదివితే పదిమంది వినేవారు. ఆ రోజు సూర్యుడిమీద మచ్చలున్నాయని చదివాడు. జులై పద్దెనిమిదిన సూర్యుడు ఆరిపోతాడని ఇటలీలో ఎవరో జ్యోతిష్కుడు చెప్పాడని చదివాడు. ఇంగ్లండు రాకుమారి పెళ్ళికూతురు బట్టల గురించి చదువుతుంటే, అలాంటివి మనకొద్దని అందరూ అంటూనే, మళ్ళీ మొదట్నించీ చదివించుకున్నారు.

ఈ చలెందుకని వాదన మొదలైంది. ఇళ్ళమీద పిడుగుల కోసం పాతిన ఇనప కడ్డీలు భూమిలో వేడినంతా లాగేశాయని ఒకడన్నాడు. యూరప్‌లో ఇరవై ఏళ్ళు పేల్చిన ఫిరంగుల పొగ అని ఇంకొకడు. ఎక్కడో తూర్పు దీవుల్లో కిందటేడు ఒక కొండ పగిలి బూడిద కక్కిందని నాలుగో పేజీలో, ఆడవాళ్ళ టోపీల ప్రకటన కింద, రెండు వాక్యాలున్నాయి. మనకెందుకని ఎల్కానా పేజీ తిప్పేశాడు.

అందరూ లేచాక అతను మాత్రం ఉండిపోయాడు. మూల బల్ల దగ్గర ఒక లాయరు కూర్చుని ఉన్నాడు. ఆ వారం కొండ ఊళ్ళన్నీ తిరుగుతూ, భయపడ్డవాళ్ళ పొలాలు రాయించుకుంటున్నాడు. ఇద్దరూ గుసగుసలాడుకున్నది నా చెవిన పడింది. మర్నాడు పొద్దున ఎల్కానా పొలం, ఇల్లు రాసిచ్చేస్తాడు. వారంలో పడమటి దిక్కున ఒహాయోకి ప్రయాణం. అక్కడ నేల నల్లగా ఉంటుందట, రాయన్నదే దొరకదట. ఇదీ పత్రికలోదే.

ఫిలూరాకి తెలుసా అని నేనడిగాను. సంతకమయ్యాక చెబుతానన్నాడు. ఆ పొలంలో రాళ్ళు ఏరీ ఏరీ ఫిలూరా వేళ్ళు వంకర్లు పోయాయి. వాళ్ళ చిన్నపిల్ల సమాధి కూడా ఆ పొలం గట్టునే ఉంది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఇతరుల కాపురంలో సత్రం ఆవిడ వేలు పెట్టకూడదు కదా.

బయటికొచ్చేసరికి పొద్దుగూకింది. మంచు సన్నగా పడుతోంది.

ఫిలూరా కంటే ఎక్కువగా అతను భయపడే మనిషి ఇంకొకరున్నారు — తల్లి మెహిటబెల్. ఆవిడ మార్చిలోనే పోయింది. అయినా భయం పోలేదు. ఆవిడ ఇంట్లో చక్కెర, చెంచాలు, కొవ్వొత్తులు అన్నీ కొడుక్కి కనబడకుండా దాచేది. పోతూ పోతూ, పొలం అమ్మావో వచ్చి చెవి మెలేస్తానని చెప్పి మరీ పోయింది.

భట్టీ మలుపు వచ్చింది.

టోపీ తీయాలి. కానీ చలి... చెవులు రాలిపోయే చలి. ఈ ఒక్కసారికీ ముసలాయన ఏమీ అనుకోడులే అనుకుని, టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

చప్...

ఎల్కానా ఆగిపోయాడు.

చప్... చప్...

గోడ మీదుగా చూశాడు. చూడకుండా ఉండాల్సింది. కాలిన గోడల మధ్య, బూడిద కుప్ప దగ్గర, తెల్లగా ఎవరో వంగి ఉన్నారు. పొడుగాటి రాత్రి గౌను. తలకు కుచ్చుల టోపీ.

చప్పుడు ఆగింది. ఆ తల నెమ్మదిగా ఇటు తిరిగింది.

పొడవాటి మొహం. రెప్ప వెయ్యని కళ్ళు. పళ్ళులేని దవడ అటూ ఇటూ... అటూ ఇటూ ఆడుతోంది. అచ్చం వాళ్ళమ్మ భోజనమయ్యాక దేవదారు జిగురు నమిలేటట్టే. గౌను భుజంమీద నీలం అతుకు. అది అతని చిన్నప్పటి చొక్కా ముక్క.

ఎల్కానా పైప్రాణాలు పైనే పోయాయి. మంచులో మోకాళ్ళమీద కూలబడ్డాడు.

"అమ్మా..." అన్నాడు. "నేనేం చెయ్యలేదమ్మా."

ఆవిడ నములుతూ చూస్తోంది.

ఆ చూపుకి అతను చిన్నప్పుడు ఏనాడూ తట్టుకోలేదు. అన్నీ చెప్పేశాడు. తేనె జాడీ పగలగొట్టింది పిల్లి కాదన్నాడు. ఆవిడ ఈకల పరుపు దానమివ్వలేదు, అమ్మేశానన్నాడు. దినం రోజున ఏడవలేదని, ఉల్లిపాయ వాడానని కూడా చెప్పాడు. చివరికి పొలం సంగతికొచ్చాడు. గింజ లేదు, ఉన్ని లేదు, రేపు సంతకం పెట్టి ఒహాయో పోతున్నాం, ఫిలూరాకి చెబితే ఏడుస్తుందని చెప్పలేదు అన్నాడు.

ఆ తర్వాత సన్నగా, వణుకుతూ గొంతు వచ్చింది.

"ఒరేయ్ ఎల్కానా... టోపీ తియ్యి."

తీశాడు. దాన్ని రొమ్ముకి హత్తుకున్నాడు.

"ఫిలూరాని అడక్కుండా సంతకం పెట్టావో... నీ వెంటే ఒహాయో వస్తాను."

పెట్టనని మూడుసార్లు ఒట్టేశాడు. ఇక లేవబోతుంటే మళ్ళీ వినిపించింది. ఈసారి మరీ దగ్గరగా, చెవి పక్కనే ఊదినట్టు.

"విత్తనం... పొగగొట్టం వెనక... వదులుగా ఉన్న ఇటుక..."

ఆవిడ ఒక్కసారి తల దించి, గిరుక్కున తిరిగి, గౌను ఈడ్చుకుంటూ చీకట్లోకి గెంతుకుంటూ పోయింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి అలా గెంతడం చూసి, చనిపోయాక కీళ్ళనొప్పులు ఉండవన్న మాట అని అతనికి కొంచెం ఊరట కలిగిందట.

ఇంటికి పరుగెత్తాడు. ఫిలూరా లేదు. కాసేపటికి మంచు దులుపుకుంటూ పాక వైపునించి వచ్చింది. అతను ఆమె చేతులు పట్టుకుని ఏడుస్తూ అంతా చెప్పాడు. ఆమె ఓపిగ్గా విన్నది. అత్తగారు చెప్పాక ఇంకేముంది, పొలం అమ్మొద్దని అన్నది.

తర్వాత ఇద్దరూ దీపం పట్టుకుని పొగగొట్టం వెనక వెతికారు. వదులుగా ఉన్న ఇటుక ఉంది. దాన్నీ పక్కవాటినీ లాగితే, వెనక గూట్లో మూతలు బిగించిన పెద్ద మట్టి జాడీలు వరసగా. వాటిలో కిందటేడు పండిన మొక్కజొన్న గింజలు, బంగారంలా, ఒక్కటైనా పురుగు పట్టకుండా. కొడుకు పశువులకి వేసేస్తాడని ఆవిడ దాచిపెట్టింది.

ఎల్కానా మర్నాడే నాటేస్తానన్నాడు. ఫిలూరా ఒప్పుకోలేదు. ఈ ఏడు ఈ ఆకాశాన్ని నమ్మను అన్నది. ఈసారి అతను పంచాంగం తీయలేదు.

ఊళ్ళో మిగతా అందరూ ఉన్న గింజలన్నీ మళ్ళీ నాటారు. జులైలో మంచు వాటినీ చంపింది. జులై పద్దెనిమిదిన సూర్యుడు ఆరిపోతాడని సగం ఊరు ఆదివారం బట్టలు వేసుకుని పొలాల్లో నిలబడింది. సూర్యుడొచ్చాడు, మచ్చలతో, బద్ధకంగా. ఆగస్టులో మళ్ళీ మంచు. ఇంగ్లండు ఓడలు అల్జీర్స్‌మీద గుళ్ళు కురిపించాయని పత్రికలో వచ్చినప్పుడు మేము ముళ్ళపందిని ఉడకబెట్టుకుని తింటున్నాం. ఇండియానా కొత్త రాష్ట్రమైందని తెలిసేసరికి మా ఊళ్ళో పదకొండు ఇళ్ళు ఖాళీ.

వసంతం వచ్చింది. నాటడానికి ఊళ్ళో ఒక్క గింజ లేదు, టిల్సన్ ఇంట్లో తప్ప. అందరూ వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డారు. తలా ఒక టోపీ పట్టినంత ఊరికే ఇచ్చింది ఫిలూరా. "టోపీలు తీయండి" అన్నప్పుడు ఆమె ఎందుకలా నవ్వుకుందో నాకప్పుడు అర్థం కాలేదు. నేను కూడా నా టోపీ నిండా తెచ్చుకున్నాను. ఆ గింజల వల్లే ఈ ఊరు ఈనాటికీ ఇక్కడుంది.

ఎల్కానా పోయి రెండేళ్ళవుతోంది. దినమైన వారానికి ఫిలూరా నా దగ్గరికొచ్చి కూర్చుంది. ఒక రమ్ము పోశాను. రెండోది పోసేసరికి ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

ఆ రోజు పాకలో గొర్రెలకు దుప్పట్లు, గోనెలు, చివరికి కిటికీ తెరలు కూడా కట్టిందట. ఒక్క బక్క గొర్రె మిగిలింది. ఇంట్లో ఇంకేమీ లేదు. అత్తగారి పెట్టె తెరిచి, రాత్రి గౌను తొడిగి, చెవులకి చలి తగలకుండా కుచ్చుల టోపీ కట్టింది. అది తప్పించుకుని పోయింది. ఎక్కడికి పోతుంది? ఉప్పు కోసం గొర్రెలు, జింకలు అన్నీ పోయే చోటికే. ఇన్నేళ్ళుగా భట్టీ దగ్గర వినిపించే చప్పుడు అదే.

వెతుక్కుంటూ వెళ్ళి గోడ వెనక నక్కేసరికి, మొగుడు గొర్రె ముందు మోకరిల్లి ఉన్నాడు. నవ్వు ఆపుకుంటూ వింటోంది. పొలం మాట వచ్చేసరికి నవ్వు పోయిందట. పదకొండేళ్ళు పొద్దస్తమానం విన్న అత్తగారి గొంతు... అది నోట్లోకి దానంతటదే వచ్చేసింది.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఎంతకూ ఆగలేదు. అంతలో ఒక సంగతి తట్టింది.

"అవునూ, విత్తనం అక్కడుందని నీకు తెలిసి కూడా అంతకుముందే ఎందుకు తీయలేదు?"

ఫిలూరా గ్లాసు కింద పెట్టింది.

"నాకు తెలీదు డోర్కాసక్కా. టోపీ తియ్యమన్నది నేనే. సంతకం పెట్టొద్దన్నదీ నేనే. ఆ మూడోది నేననలేదు."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"మరి?" అన్నాను.

"అక్కడున్నది ముగ్గురం. ఆయన, నేను... అది." గొంతు బాగా తగ్గించింది. "అందుకే దాన్ని కోయనివ్వలేదు. ముసలిదై పోయింది. ఆయన మిల్లుకెళ్ళిన రోజు చూసి, అత్తగారి పక్కనే పాతిపెట్టాను."

"గౌనుతోనా?"

"మరి చలి కదక్కా."