మన మధ్య ఏమీ లేదనుకుందాం

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం. ముందు గదిలో కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరిదో చేతిగడియారం విప్పుతూ నాన్న. మంచం మీద, నిద్రపోతున్నట్టు నటిస్తూ అన్నీ వింటున్న నానమ్మ. కిటికీ దగ్గర అక్క. తలుపు చాటున నేను. అమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళింది.

అక్క డిగ్రీ పూర్తయింది. లెక్కల్లో కాలేజీ ఫస్టు. ఎమ్మెస్సీకి అప్లికేషన్ పెట్టడానికి ఆ సాయంత్రం ఐదింటిదాకే గడువు. ఇన్సూరెన్స్ ఆఫీసు వాళ్ళేమో సోమవారం ఉద్యోగంలో చేరమన్నారు. నెల రోజులుగా ఎటూ తేల్చుకోలేక నలిగిపోయిన మనిషి, ఆ పొద్దున లేస్తూనే, "ఉద్యోగంలో చేరిపోతాను నాన్నా" అంది.

"మంచిదే" అన్నారు నాన్న.

అక్క చేత ఆ మాట అనిపించింది నేనే.

అక్క క్లాస్‌మేట్ ఒకతనున్నాడు. ప్రతిదానికీ "అనుకుందాం" అంటాడు. "బస్సు రాదనుకుందాం, నడవలేమా ఏంటి?" అంటాడు. నానమ్మ అతనికి అనుకుందాం గారని పేరు పెట్టింది. అతను ఎమ్మెస్సీకే వెళ్తున్నాడు. ముందురోజు వీధి మలుపులో నా చేతిలో ఓ మడత కాగితం పెట్టి, "మీ అక్కకివ్వు" అన్నాడు. ఉండబట్టలేక విప్పాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. కాగితం నా డైరీలో దాచేసి, ఆ ఒక్క ముక్కే అక్క చెవిన వేశాను.

"మన మధ్య ఏమీ లేదనుకుందాం అన్నారక్కా."

"సరే" అంది అక్క. తర్వాత దువ్వెన కోసం ఇల్లంతా వెతికింది. అది తలలోనే ఉంది.

మధ్యాహ్నం మూడున్నరకి వాన పట్టుకుంది. ఆ వానలోనే, నాలుగు దాటాక, అతనొచ్చాడు.

"అప్లికేషన్ పెట్టలేదట?" గుమ్మంలో నీళ్ళోడుతూ అడిగాడు.

"నీకెందుకు? మన మధ్య ఏమీ లేదుగా!"

"ఎవరన్నారు?"

"నువ్వే. చెల్లితో చెప్పి పంపావుగా."

అతను నన్ను చూశాడు. అక్క చూసింది. నానమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. నేను లోపలికి పరిగెత్తి కాగితం తెచ్చి అక్క చేతిలో పెట్టాను.

"మొదటి లైనేనా చదివావు?" అతను నెత్తి కొట్టుకున్నాడు. "తల్లీ, అది తప్పని తేల్చడానికే ముందు అలా అనుకుంటాం!"

"తప్పని తెలిశాక అనుకోవడం దేనికయ్యా?" అనడిగారు నాన్న.

అక్క నాన్న బల్ల మీద రిపేరు చీటీ ఒకటి తీసుకుంది. "చూడండి నాన్నా. రెండు, మూడు, ఐదు, ఏడు... ఇవి ప్రధాన సంఖ్యలు. ఒకటితోనూ, తమతోనూ తప్ప ఇంక దేనితోనూ తెగవు. ఇవి ఎక్కడో ఒకచోట అయిపోతాయనుకుందాం. ఉన్నవన్నీ గుణించి ఒకటి కలపండి. వచ్చినదాన్ని వీటిలో దేనితో భాగించినా ఒకటి మిగిలిపోతుంది. అంటే దాన్ని తెంచే ప్రధాన సంఖ్య ఈ జాబితాలో లేదు, బయటెక్కడో ఉంది. మరి అన్నీ రాశామన్నాం కదా?"

"అయితే... అయిపోవన్నమాట!" అన్నారు నాన్న.

"ఎప్పటికీ అయిపోవు."

ఆకాశమంత పెద్ద మాట అరచేయంత చీటీలో ఒదిగిపోయింది. అక్క ముఖం వెలిగిపోతోంది. రోజూ నాతో దుప్పటి కోసం పోట్లాడే అక్కేనా ఈమె అనిపించింది.

నాన్న భూతద్దం తీసి పక్కన పెట్టారు. "ఎవరూ చివరిదాకా లెక్కపెట్టకుండానే తేల్చేశారా?" అని చీటీని రెండు చేతులా పట్టుకుని చూశారు. తర్వాత మెల్లగా, "ఇది వదిలేసి ఆఫీసుకి పోవాలనుందా అమ్మా?" అన్నారు.

"లేదు నాన్నా" అంది అక్క.

"టైమెంత?"

గోడ నిండా గడియారాలే, ఒక్కొక్కటి ఒక్కో టైము చూపిస్తోంది. నానమ్మే చెప్పింది, "నాలుగున్నర! ఇంకా కూర్చున్నారేం?"

ఫోన్‌లో అప్లికేషన్ నింపి సబ్మిట్ నొక్కాక, అక్క ఎర్ర పెన్ను తీసుకుని అతని కాగితం చదివింది, భుజం మీంచి నేనూ చదివాను: మన మధ్య ఏమీ లేదనుకుందాం. అలాగైతే నువ్వు రాని రోజు నాకు ఒక్క లెక్కా ఎందుకు తెగదు? కాబట్టి మనం అనుకున్నది తప్పు.

"ఈ సాధన చెల్లదు" అంది.

అతని ముఖం పాలిపోయింది.

"నీకుందని తేలింది, సరే. 'మన' అని రాశావుగా, నాకుందని ఎక్కడ తేలింది?"

"అదే రావట్లేదు నాకు" అన్నాడు తల వంచుకుని. "అందుకే తడుస్తూ వచ్చాను."

"ఆ సగం నేను రాస్తాలే, రా." కాగితం పట్టుకుని వరండాలోకి నడిచింది. అతను వెనకాలే వెళ్ళాడు. నేనూ వెళ్ళబోయాను.

"నువ్వెక్కడికే?"

"అదెలా తేలుస్తావో చూస్తానక్కా."

అక్క చెవులదాకా ఎర్రబడింది. నా భుజాలు పట్టి లోపలికి తిప్పి, తలుపు మూసేసింది.