మూడుసార్లు తప్పిన గీజర్ లెక్క

"ఈ లెక్క ఎవరు వేసినారు?"

నిచ్చెన మీదున్న ముబారక్ కిందికి చూశాడు. మేడ మీది గదికి ఎంత కరెంటు కావాలో లెక్కగట్టి అతను రాసిచ్చిన లోడ్ షీటు పట్టుకుని ఆరీఫా నిలబడి ఉంది. ఇంటి యజమాని షావలి కూతురు, అనంతపురంలో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి మొన్ననే ఉరవకొండకు తిరిగొచ్చింది. కోపంలో కూడా ఇంత బాగుండటం ఏ రూల్ ప్రకారం న్యాయమో అతనికి అర్థం కాలేదు.

"నేనే మేడం. ఆరేండ్లుగా వైరింగ్ చేస్తాండా. యాడ తప్పుండాది?"

"నీళ్ల మోటారు, గీజరు ఒకేసారి ఆన్ కావని లోడ్ తగ్గించినావే! మన వీధికి కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయి?"

"నాలుగు దినాలకోసారి. పొద్దున ఆరింటికి."

"అప్పుడే కదా అందరూ మోటారు వేసి ట్యాంకు నింపుకొనేది? స్నానాలూ అప్పుడే. రెండూ కలిస్తే మెయిన్ ట్రిప్ అయి ఇంట్లో కరెంటు పోతాది. తలకు సోపు పెట్టుకున్నోడు అట్లే నిలబడాల."

ముబారక్ నిచ్చెన దిగి షీటు వెనక్కి తీసుకున్నాడు. నాలుగు రోజులకోసారి అతని ఇంట్లోనూ అదే జాతర.

మర్నాడు కొత్త షీటు తెచ్చాడు. మోటారు కలిపాడు గానీ గీజర్‌కు సన్న వైరు రాశాడు.

"రెండు వేల వాట్లను రెండు వందల ముప్ఫై వోల్టులతో భాగించు. దగ్గర దగ్గర తొమ్మిది ఆంపియర్లు. దానికి ఈ వైరు సరిపోతాదా?"

ఆ గొంతులో ఆంపియర్లు కూడా తియ్యగానే ఉన్నాయి. మేడ మీది గాలికి ఆమె దుపట్టా ఎగిరి అతని చేతిని తాకింది. వేరుశనగ చేల మీద ఒంటరి మబ్బొకటి, కురిసే ఉద్దేశమేమీ లేకుండా కర్ణాటక వైపు తేలిపోతోంది. ముబారక్ కూడా దానితో పాటు కాసేపు తేలాడు.

అతన్ని నేలకు దించింది ఆరీఫా తల్లి పీరాంబీ. టీ గ్లాసు అందిస్తూ, "జల్దీ కానీప్పా. శుక్రవారం బళ్లారి నుంచి ఆరీఫాను చూసేదానికి వస్తాండారు. పెండ్లికొడుక్కి ఈ మేడ మీదే బస," అంది.

ముబారక్ ఆ గ్లాసు అట్లే పిట్టగోడ మీద పెట్టేశాడు.

మూడో రోజు షీటులో అసలు గీజరే లేదు.

"మూడు దినాలు, మూడు తప్పులు. కావాలనే చేస్తాండావా ముబారక్?"

"మొదటిది నిజంగానే తప్పు. రెండోది నీ పక్కన ఇంకో దినం నిలబడాలని."

"మూడోది?"

"ఆ బళ్లారాయన స్నానానికి నా చేతులతో నీళ్లు కాగబెట్టలేను. నువ్వంటే నాకు ప్రాణం ఆరీఫా. ఇంక కోప్పడితే కోప్పడు."

ఆమె కోప్పడలేదు. చెవుల దాకా ఎర్రబడింది.

"ఆ సన్న వైరు చూసినప్పుడే నాకు అర్థమైంది. వాళ్లను రావద్దని రేతిరే నాయనకు చెప్పినా. ఎందుకని అడిగితే నీ పేరు చెప్పినా."

"మీ నాయన ఏమన్నాడు?"

జవాబు మెట్లెక్కి తనే వచ్చింది. షావలి షీటు లాక్కుని, కళ్లద్దాలు సర్దుకుని, పై నుంచి కింది దాకా చదివాడు.

"ఏమప్పా, శుక్రవారం మీ అమ్మను పిల్చుకొని రా. ఈ లెక్క మాత్రం ఇప్పుడే సరిచెయ్యి. పెండ్లి నాటికి చలికాలం, గీజర్ లేకపోతే అల్లునికి ఎట్ల?"