ముగ్గురు గున్నయ్యలు, ఒక గౌతమి

"మీ అన్నయ్యగారు పోయారా?"

గౌతమి అంత నెమ్మదిగా అడిగేసరికి తిరుమలకి టీ పొలమారింది.

"పొద్దున్నే నా బండి పట్టుకుని టెక్కలి ఎల్లినాడు కదా మేడమ్. ఏటైంది?"

"గున్నయ్య, అక్కుపల్లి, మరణించారు అని చూపిస్తోంది సిస్టమ్."

"అది మా తాత. మా అన్నయ్యకి ఆ పేరే పెట్టినారు. మా బాబాయి కొడుకుదీ అదే పేరు. మీ టూల్ ముగ్గుర్నీ కలిపీసి పైకి పంపీసినాది."

గౌతమికి నవ్వొచ్చింది. నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. అక్కడితో మన తిరుమల పని అయిపోయింది.

అసలు సంగతి ఇది. పలాసలోని ఆ జీడిపప్పు కంపెనీలో పాత సాఫ్ట్‌వేర్ చూసుకునేది తిరుమల. అందులోని రైతుల వివరాలన్నీ కొత్త డేటాబేస్‌లోకి మార్చడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన అమ్మాయి గౌతమి. రెడీమేడ్ టూల్‌తో వారంలో ముగించి వెళ్లిపోతానంది. తిరుమల ఒప్పుకోలేదు. ఇక్కడ తాతల పేర్లు మనవలకి పెడతారు, ఇంటిపేరూ ఊరూ కూడా ఒకటే, టూల్ వాళ్లని ఒక్క మనిషే అనుకుంటుంది, మనమే కోడ్ రాసి ఒక్కొక్క పేరూ సరిచూసి పంపాలి అన్నాడు.

"దానికి మూడు నెలలు పడుతుంది. నన్ను అన్నాళ్లు ఇక్కడ కూర్చోబెట్టాలనా మీ ప్లాను?" అని ఆమె మొదటిరోజే కనుబొమ్మలెగరేసింది.

తిరుమల అప్పుడు మాత్రం డేటా గురించే మాట్లాడాడు పాపం. ఇప్పుడు అడిగితే ఏం చెప్పేవాడో.

ట్రయల్‌లోనే ఇలా అయ్యేసరికి ఆమె దిగొచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కోడ్ మొదలుపెట్టారు. బయట కార్తీక మాసపు వాన. కాల్చిన జీడిగింజల వాసన కిటికీలోంచి వచ్చేది. ఆమె టైప్ చేస్తూ చేస్తూ ఆగి వానని చూసేది. అతను ఆమెని చూసి కోడ్‌లో కామా మరిచిపోయేవాడు.

"మళ్లీ ఎర్రరు. ఎటు సూత్తన్నారు?" అందొకసారి.

"మేడమ్, మీకూ మా యాస వచ్చునా?"

"మాదీ ఈ పక్కనే, కవిటండీ బాబూ. ఆఫీసులో దాచుకుంటాను."

ఆ రోజు నుంచి మేడమ్ పోయి గౌతమి వచ్చింది, మీరు పోయి నువ్వు వచ్చింది. సాయంత్రాలు బస్టాండు దాకా ఒకే గొడుగులో నడిచేవారు. బస్సు వెళ్లిపోయాక కూడా తిరుమల అక్కడే నిలబడి, తడి రోడ్డు మీద వణుకుతున్న లైట్లని చూస్తూ ఎక్కడికో వెళ్లిపోయేవాడు. ఈ పని ఎప్పటికీ అవ్వకపోతే ఎంత బాగుణ్ణు అనుకునేవాడు.

అలాంటివాడికే ఒక మంచి ఆలోచన రావాలా?

స్నానం చేస్తుంటే తట్టింది. ఒక్కొక్క పేరునీ దారిలో ఆపి చూడటం ఎందుకు? ముందు అన్నీ ఉన్నవి ఉన్నట్టు కొత్త డేటాబేస్‌లో ఒక పక్కన దించేసి, అక్కడే ఒక క్వెరీతో, అంటే డేటాబేస్‌నే ఒక ప్రశ్న అడిగి, పుట్టిన సంవత్సరాలు పోల్చి చూస్తే చాలు. సంవత్సరం కలవకపోతే వేర్వేరు మనుషులు. అనుమానం ఉన్న కొద్దిమందికి ఫోన్ చేసుకోవచ్చు. పది రోజుల్లో అయిపోతుంది.

పది రోజుల్లో గౌతమి వెళ్లిపోతుంది.

చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలీదు. కానీ కొత్త పంట వచ్చేలోగా పని తెమలకపోతే మాట పడేది గౌతమే. తిరుమలకి అన్నం సయించలేదు.

శనివారం పేర్లు సరిచూడటానికి ఇద్దరూ తిరుమల వాళ్ల ఊరు అక్కుపల్లి వెళ్లారు. పని అయ్యాక సముద్రం ఒడ్డుకి లాగి పెట్టిన తెప్ప మీద కూర్చున్నారు. సన్నటి తుంపర. సముద్రం ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఇలాగే ఉండిపోవాలనిపించింది తిరుమలకి. అయినా చెప్పేశాడు. క్వెరీతో సహా మొత్తం చెప్పేశాడు.

గౌతమి ముఖం మాడిపోయింది.

"ఎందుకు సెప్పినావు?"

"సెప్పకపోతే నీకే మాటొత్తాది."

"నాకు తెలీదనుకున్నావా? ఇలాటి పనులు సేసే కదా జీతం తీసుకుంటన్నాను. సోమవారమే తట్టింది నాకు."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే ఎల్లిపోవాలి కదా." ఆమె కాలివేలితో ఇసకలో గీత గీసింది. "రోజూ రేపు సెప్దాం, రేపు సెప్దాం అనుకున్నాను. నువ్వేమో నాకన్నా ముందు సెప్పీసినావు. సిగ్గేత్తంది."

తుంపర వానగా మారింది. ఇద్దరూ లేవలేదు.

"గౌతమీ, నువ్వంటే నాకు పేణం. పని అయిపోయినా నువ్వు నాకు కావాల. ఇది ఎలా సెప్పాలో తెలీక ఇన్నాళ్లూ కోడ్ గురించే మాటాడినాను."

ఆమె అతని భుజానికి తల ఆనించి కళ్లు మూసుకుంది.

"సోమవారం నీ పద్ధతిలోనే మొదలెడదాం. పది రోజుల్లో ముగించీసి నేను ఎల్లిపోతాను."

ఆమె ఇసకలో గీసిన గీతని తిరుమల మడమతో చెరిపేశాడు.

"ఆ పై ఆదివారం కవిటి వత్తాను. మా నాన్న కొబ్బరితోటలోనే ఉంటాడు. నువ్వు ఒక్కడివే రాకు, మీ అమ్మని తీసుకుని రా."