మెట్లకింద గదిలో రెండింటి డ్యూటీ

ఆ మెట్లకింద గదికి మంచి పేరు లేదు. పదేళ్ళ కిందట నూలుమిల్లులో పనిచేసే బుల్లి అందులో అద్దెకుండేది. ఒకరోజు రాత్రి రెండింటి డ్యూటీకి లేవాల్సిన మనిషి... లేవలేదు. నిద్రలోనే పోయింది. అప్పటినుంచీ ఆ వేళకి లోపల ఎవరో తిరుగుతారని పక్కవాటాల వాళ్ళు చెప్పుకుంటారు.

పైవాటాలో ఉండే కళ్ళద్దాల షాపాయన వాళ్ళందర్నీ వెక్కిరించాడు. గది ఊరికే వస్తోంది, చాలదూ? రాళ్ళకి మెరుగుపెట్టే యంత్రం అందులో పెట్టాడు. యంత్రమంటే పెద్దదేం కాదు — రెండు రోలర్లు, వాటిమీద దొర్లే రబ్బరు డబ్బా, తిప్పడానికి పాత కుట్టుమిషను మోటారు. డబ్బాలో రాళ్ళూ, నీళ్ళూ, మెరుగు పౌడరూ పోసి మూత బిగిస్తే రాత్రింబవళ్ళు దొర్లుతూనే ఉండాలి. ఆగిందా, బురద గట్టిపడి రాళ్ళకి పట్టేస్తుంది, మెరుపు రాదు.

అందులో ఒక ఎర్రరాయి ఉంది. పెళ్ళైన కొత్తలో ఏటి ఒడ్డున భార్య ఏరి అతని చేతిలో పెట్టింది. శుక్రవారం వాళ్ళ నలభయ్యో పెళ్ళిరోజు. ఆ రాయిని లాకెట్టు చేసి ఆవిడ మెడలో వెయ్యాలని అతని ఆశ. ఆవిడకి మాత్రం షాపు పనని చెప్పాడు.

కానీ రోజూ తెల్లారేసరికి యంత్రం ఆగి, డబ్బా కింద ఉండేది.

జారిపడిందనుకుని బల్ల కాళ్ళకింద అట్టముక్కలు దూర్చి మట్టం సరిచేశాడు. మర్నాడూ అంతే. బెల్టు మార్చాడు. రోలర్లకి నూనె వేశాడు. రాళ్ళు తక్కువై డబ్బా ఎగురుతోందేమోనని ఇంకో గుప్పెడు వేశాడు. తలకిందులుగా తపస్సు చేసినా లాభం లేకపోయింది.

"దిక్కుమాలిన మిషను! నలభయ్యేళ్ళు అద్దాలు సానబెట్టినవాణ్ణి, నాకే టోపీ పెడుతుందా?" అని బల్లని ఒక్క తన్ను తన్నాడు. కాలివేలు వాచింది.

బుధవారం పొద్దున్న కాస్త నిదానంగా చూశాడు. డబ్బా పడిలేదు... నిటారుగా నిలబెట్టి ఉంది. మీద ఒక్క నీటిచుక్క లేదు. స్విచ్చి కూడా ఆపి ఉంది.

"నువ్వేమైనా ఆ గదిలోకి వెళ్ళావా?" భార్యని అడిగాడు.

"నేనా? బుల్లి పోయాక ఆ గడప తొక్కితే ఒట్టు!"

ఆవిడా బుల్లీ మిల్లులో ఒకే మిషను మీద చేసేవారు. రెండింటికి ఈవిడ దిగితే బుల్లి ఎక్కేది. బుల్లి చనిపోయిన రాత్రి ఆమె కోసం చూసి చూసి, చివరికి ఆ డ్యూటీ కూడా ఈవిడే చేసింది.

బుధవారం రాత్రి అతను టార్చి పట్టుకుని గది మూలన కూర్చున్నాడు. భయం లేదని కాదు, కోపం ఎక్కువ. దెయ్యమే అయితే శుక్రవారం దాకా ఓపిక పట్టమని బతిమాలదామనుకున్నాడు.

రెండయింది... తలుపు కిర్రుమంది.

మోటారు ఆగింది. చీకట్లో ఎవరో డబ్బా ఎత్తుతున్నారు... గుడ్డతో తుడుస్తున్న చప్పుడు. టార్చి నొక్కాడు.

భార్య!

కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నిద్రలో ఉంది. షిఫ్టు మారేటప్పుడు మిషను ఆపి, తుడిచి అప్పజెప్పడం — ముప్ఫయ్యేళ్ళ అలవాటు. మోటారు చప్పుడు వింటుంటే ఆ చేతులు ఊరుకోలేదు. అతనికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వాచిన వేలు గుర్తొచ్చి సిగ్గేసింది.

"నా డ్యూటీ అయిపోయిందే," అంది ఆవిడ గుసగుసగా. "ఎంతసేపని చూడను నీకోసం?"

పిచ్చిది, ఇంకా బుల్లి కోసమే చూస్తోంది. ఎవరో ఒకరు సరేనంటే వెళ్ళి పడుకుంటుంది కదా అని అతను నోరు తెరవబోయాడు.

"సరే, నువ్వెళ్ళక్కా..."

ఆ మాట అతను అనలేదు. అతని వెనకనుంచి వచ్చింది.

టార్చి అక్కడే పడేసి, భార్య చెయ్యి పట్టుకుని పైకి పరిగెత్తాడు. డబ్బా నేలమీదే ఉండిపోయింది.

శుక్రవారం పట్టపగలు, తలుపు బార్లా తీసి, రాయి కోసం వెళ్ళాడు. డబ్బా రోలర్ల మీద చక్కగా దొర్లుతోంది. ఆపి మూత తీస్తే, లోపల ఎర్రరాయి అద్దంలా మెరుస్తోంది.

రోలర్లకి అప్పుడే ఎవరో నూనె వేశారు.