కార్వారు ఇసుకలో దొరికిన అంబిక

నా పేరు తిప్పమ్మ. నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వేయండి, తర్వాత వీలు చిక్కకపోవచ్చు.

బాగేపల్లి బజారులో మాది పచారీ అంగడి. నాన్న పోయినప్పటి నుంచి నాకు పెళ్ళయ్యేదాకా దాన్ని నడిపింది నేనే. అడ్డగోలుగా బేరమాడేవాళ్ళను మాటతోనే అరుగు దించేదాన్ని. తిప్పమ్మ నోట్లో పడొద్దని బజారంతా చెప్పుకునేవారు. అయినా కొత్తగా వచ్చిన ప్రతివాడూ నా పేరు వినగానే ఒకసారి నా మొహంలోకి చూసి మూతి బిగించేవాడు. బడిలో అదే, పెళ్ళిచూపుల్లో అదే, చింతామణిలో అత్తగారింట్లోనూ అదే తంతు. చెత్తకుప్పను మా వైపు తిప్ప అంటారు మరి.

కారణం లేకపోలేదు. నాకు ముందు అమ్మకు ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. ముగ్గురూ పురిట్లోనే పోయారు. పేరు పెట్టే రోజుదాకా ఒక్కరూ నిలవలేదు. అందుకని నేను పుట్టగానే అవ్వ నన్ను తీసుకెళ్ళి ఇంటివెనక తిప్పమీద పడుకోబెట్టింది. పక్కింటి హనుమక్క, ఎవరో పారేసిన బిడ్డ అన్నట్టు ఎత్తుకుంది. అమ్మ చాటెడు తవుడిచ్చి నన్ను కొనుక్కుంది. పిల్లల్ని తీసుకుపోయేది ఏదైతే ఉందో, అది ఈ బిడ్డను పనికిరాని సరుకు అనుకొని వదిలేస్తుందట. మా ఇళ్ళలో ఇది వింతేమీ కాదు. వీధికొక తిప్పమ్మ ఉంటుంది.

మా అవ్వ అంతటితో ఊరుకోలేదు. నాకు ఒక అసలు పేరు కూడా పెట్టి, చెవిలో ఒక్కసారి చెప్పి, దాన్ని దాచేసింది. నా బిడ్డ నా ఒళ్ళో పడేదాకా ఆ పేరు ఎవరూ పలకకూడదు, ఎక్కడా రాయకూడదు. నాకూ చెప్పకూడదు. అమ్మకు తెలుసు. అవ్వ పోయేముందు మా తమ్ముడు నాగేశ్‌కు చెప్పిపోయింది, అమ్మకేమైనా అయితే పేరు మాసిపోకూడదని. వాణ్ణి ఎంత బతిమాలానో! అంగడిలో మిఠాయి సీసా మొత్తం ఇస్తానన్నాను. వాడు నోరు విప్పలేదు. నా పేరు వాడికి తెలుసు, నాకు తెలీదు. ఎంత కోపమొచ్చేదో.

రెండువేల ఏడు వానాకాలంలో నేను ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చాను. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు, రెండుసార్లు పోయిన తర్వాత నిలిచిన కడుపు. మా ఆయన కిశోర్ చింతామణి టమాటా మండీ వదిలి రాలేక రోజూ ఫోన్ చేసేవాడు. "తన్నతాండాదా?" అని అడిగేవాడు.

"తన్నతాండాది. మీ బిడ్డే గదా, ఊరికే ఉంటాదా?" అనేదాన్ని.

పైకి వేళాకోళమే. లోపల మాత్రం ప్రతి తన్నుకూ దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. ఈ బిడ్డ దక్కితే చాలు, ఇంకేదీ అడగనని.

అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం నాగేశ్ కార్వారు నుంచి దిగాడు. పొద్దున్నుంచీ తుంపర. దీపాలు పెట్టే వేళకే కరెంటు పోయింది. గదంతా కిరసనాయిలు వాసన, తడిసిన గోనెల వాసన. వాడు తల కూడా తుడుచుకోకుండా నా మంచం పక్కన కూలబడి సంచి విప్పాడు. మొహం వెలిగిపోతోంది.

వాడు కార్వారులో సముద్రపు పురుగుల మీద పరిశోధన చేసేవాడు. పురుగులు అని నేనంటే వాడికి కోపం. రొయ్యకు దూరపు చుట్టాలట. సముద్రం అడుగున ఇసుక రేణువుల సందుల్లో బతుకుతాయట. వాడు సంచిలోంచి నా చిటికెనవేలంత గాజుసీసా తీసి దీపం ముందు పట్టుకున్నాడు. లోపల స్పిరిటు. అడుగున రాగి గింజకంటే కాస్త పొడుగ్గా, తెల్లగా ఏదో ఉంది.

"లోకంలో ఇంతవరకూ ఎవరూ చూడని జాతి అక్కా ఇది. నాకు దొరికింది ఇదొక్కటే. రేపు బెంగళూరు మ్యూజియంలో అప్పజెప్పల్ల," అన్నాడు.

భూతద్దం ఇచ్చాడు. చూశాను. కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట నున్నగా ఉంది. రెండు పక్కలా వరసగా కాళ్ళు. పొట్టకింద పల్చటి సంచి, ఆ సంచిలో ముడుచుకొని ఇంకొకటి, అచ్చం అట్లాంటిదే.

"ఆడది. పొట్టకింద దాని పిల్ల," అన్నాడు నాగేశ్.

నా చెయ్యి నాకు తెలీకుండానే నా కడుపు మీదికి వెళ్ళింది.

తర్వాత వాడు అచ్చయిన కాగితాలు తీశాడు. వాడు గీసిన బొమ్మలు, ఒక్కో కాలూ విడివిడిగా. పైన రెండు మాటల పేరు. జాతిని మొదట వివరించినవాడికే పేరు పెట్టే హక్కట. "ఏం పెట్టినావురా, మన అంగడి పేరా?" అన్నాను.

వాడు రెండో మాట మీద వేలు పెట్టాడు. "అంబికే. లాటిన్‌లో చివర అట్ల మారుస్తారు. అసలు మాట అంబిక." కాగితం నా చేతిలో పెట్టాడు. "అది నీ పేరక్కా. నువ్వు అంగట్లో నిలబడి నన్ను చదివించినావు. ఊరంతా నిన్ను చూసి నవ్వినారు. ఇంక నీ పేరు లోకం ఉన్నన్నాళ్ళు ఉంటాది."

అంబిక.

నాకు ఏడుపు ఆగలేదు. అంత చక్కటి పేరా నాది? నాలో నేనే రెండు మూడుసార్లు అనుకున్నాను. వాడి తల నిమిరాను. నిజం చెబుతున్నాను, ఆ కాసేపు నా అంత సంతోషంగా ఉన్న మనిషి బాగేపల్లిలో లేదు.

అమ్మ ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. మా అమ్మ గిరిజమ్మది పెద్ద గొంతు. ఆ రోజు అరవలేదు. మెల్లగా వచ్చి నాగేశ్ నోటిమీద చెయ్యి పెట్టి మూసింది.

"యాడ రాసినావు దాన్ని?" అని గుసగుసగా అడిగింది.

వాడు కాగితాలు చూపించాడు. అమ్మకు ఆ అక్షరాలు రావు. సీసా వైపు చూసింది.

"అది బతికుండాదా, చచ్చిందా?"

"చచ్చిందేనమ్మా. స్పిరిట్‌లో ఎట్ల బతుకుతాది?"

"చచ్చినదానికి పెట్టినావా నాయనా?" అమ్మ నేలమీద చతికిలబడింది. "నా ముగ్గురు బిడ్డల్ని పేరు లేకుండానే పూడ్చినాము. ఎందుకనుకున్నావు? పేరు ముట్టినదానికి పిలుపు తెలుస్తాది. పిలుపు తెలిస్తే దోవ తెలుస్తాది. ఇంక రెండు నెల్లు గదరా... రెండు నెల్లు ఆగలేకపోతివే. తీసెయ్. ఇప్పుడే తీసెయ్ ఆ పేరు."

నాగేశ్ మొహంలో వెలుగు పోయింది. "తీయను రాదమ్మా."

"ఎందుకు రాదు? పెట్టింది నువ్వే గదా?"

"పెట్టినోడు కూడా తీయకూడదు. అది రూలు. ఒకసారి అచ్చయినాక తప్పున్నా సరే, అట్లే ఉండల్ల. ఆ పేరు ఇంక..." వాడు సీసా వైపు చూసి ఆగిపోయాడు.

"ఇంక?"

"ఇంక ఆ ఒక్క ఒంటిదే. ఆ సీసాలో ఉండేదానిదే. రేపు అట్లాంటివి వెయ్యి దొరికినా, పేరుకు అసలు మనిషి అదే."

మనిషి అన్నాడు. వాడికే తెలీకుండా.

అమ్మ లేచింది. దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు, నాలుగు దోవల మన్ను తెస్తానంటూ హనుమక్కను పిలుచుకొని వీధిలోకి పోయింది. నాగేశ్ తన ప్రొఫెసరుకు ఫోన్ చేసి చూస్తానని మేడ ఎక్కాడు. ఆ వానకు సెల్లు సిగ్నలు మేడమీద తప్ప దొరకడం లేదు. నన్నొక్కదాన్నే వదిలి వెళ్ళామని వాళ్ళిద్దరికీ ఆ గాభరాలో తోచలేదు.

గదిలో నేను, దీపం, సీసా.

ముందు వాసన వచ్చింది. తడిసిన ఉప్పుమూటల వాసన. వానాకాలంలో మా అంగడి వెనకగదిలో వచ్చే వాసనే, కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత గుర్తొచ్చింది, ఉప్పు అంగడిలో ఉంది. ఇల్లు వేరు, అంగడి వేరు. వాసన పెరిగింది. దాంట్లో ఇంకేదో కలిసింది. చాలాకాలం నీళ్ళ కింద ఉన్నదేదో పైకి తేలినట్టు... నేను సముద్రం చూడలేదు. అయినా అది సముద్రమేనని తెలిసింది.

తుంపర నిలిచింది. కప్పలు నిలిచాయి. పెరటి తలుపు అవతల నేలమీద చిన్న చప్పుడు. చాటలో రాగులు జరిపినట్టు. ఆగింది. మళ్ళీ. ఈసారి గడప దగ్గర.

"అంబికా..."

ఆడగొంతు. మెత్తగా ఉంది. ప్రేమగా ఉంది.

అమ్మ అనుకున్నాను. ఎలాగూ దాపరికం పోయింది కదా, పిలుస్తోందేమో అని. కానీ అమ్మ వెళ్ళింది వీధివైపు. పిలుపు వచ్చింది పెరటివైపు నుంచి. అది నాకు తెలుసు. మీరు నన్ను తిట్టుకోవచ్చు, ఎంత తెలివితక్కువ ఆడది అని. ముప్పై ఏళ్ళు చెత్తకుప్పా, చెత్తకుప్పా అని పిలిపించుకొని చూడండి. ఆ తర్వాత ఒకరు వచ్చి మీ అసలు పేరుతో, అంత ముద్దుగా, మొదటిసారి పిలిస్తే ఎట్లా ఉంటుందో చూడండి.

"అంబికా... లోపలికి రానా?"

నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆఁ," అన్నాను.

దీపం ఆరలేదు. తలుపు తెరుచుకోలేదు. ఏమీ జరగలేదు. వాసన మాత్రం టక్కున పోయింది... అంతా లోపలికి పీల్చేసినట్టు.

కడుపులో బిడ్డ కదలడం మానేసింది.

చెయ్యి వేసి చూశాను. ఆ వేళకు రోజూ తన్నేది. ఎడమపక్కన, పక్కటెముక కింద. అక్కడ నొక్కాను. లేదు. ఒత్తిగిల్లాను. లేదు. మంచినీళ్ళు తాగాను. లేదు... నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. అది తప్ప నా ఒంట్లో ఏ చప్పుడూ లేదు.

మేడమీంచి నాగేశ్ దిగేసరికి నేను మంచంకోడు పట్టుకొని కూర్చున్నాను. వాడు "ఏమైందక్కా?" అంటూనే ఉన్నాడు, అప్పుడు కదిలింది.

తన్ను కాదు. తన్ను నాకు తెలుసు. ఇది కుడిపక్కన మొదలైంది. సన్నగా... ఒకటి తర్వాత ఒకటి... వరసగా... కడుపు చుట్టూ ఎడమపక్కకు వచ్చి ఆగింది. కాసేపు ఊరుకుంది. తర్వాత వెనక్కి నడిచింది.

అవును. నడిచింది.

"నాగేశా, సీసా చూడు," అన్నాను.

వాడు భూతద్దం తీసుకొని దీపం ముందు కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. సీసాను తిప్పాడు, వంచాడు, అడుగు చూశాడు, మూత చూశాడు. భూతద్దం కింద పెట్టేశాడు.

"చెప్పరా."

"తల్లి ఉండాది," అన్నాడు. "సంచి ఖాళీగా ఉండాదక్కా."

అమ్మ తిరిగొచ్చింది. నా మొహం చూడగానే ఆమెకు అర్థమైంది.

"పలికితివా?" అంది.

తల ఊపాను.

తిట్టలేదు. పిడికెడు ఎండుమిరపకాయలు నాచుట్టూ తిప్పి నిప్పుల మీద వేసింది. మిరపకాయలు నల్లబడి పొగ గదంతా కమ్మింది. ఒక్కరికీ దగ్గు రాలేదు. ఒక్కరి కంట్లో నీళ్ళు రాలేదు. అమ్మ ఇంకో పిడికెడు వేసింది. తర్వాత చేతిలో మిగిలినవి కింద పడేసి నా పాదాల దగ్గర కూర్చుంది. తెల్లవారేదాకా అక్కడి నుంచి లేవలేదు. నాగేశ్ గోడకు తల ఆనించుకొని తప్పయింది, తప్పయింది అంటూనే ఉన్నాడు. వాడిమీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు. నామీద అంత ప్రేమ ఇంకెవరు చూపించారు?

పొద్దున చిక్కబళ్ళాపురంలో స్కానింగుకు వెళ్ళాం. జీపులో దారంతా అది అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఒక్కోసారి ఆగి, ఏదో వెతుకుతున్నట్టు ఒకేచోట గీరేది. నేను పళ్ళు బిగించుకొని కిటికీలోంచి ద్రాక్షతోటలు చూస్తూ కూర్చున్నాను. కిశోర్ ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే అడిగాడు. ఏం చెప్పాలో తోచక ఫోన్ అమ్మకిచ్చాను.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, కళగా ఉంది. పొట్టమీద చల్లటి జెల్లు పూసి, మిషను పెట్టి, కంప్యూటరు తెర నావైపు తిప్పింది. బిడ్డ ఉంది. తల, వెన్ను, మడిచిన మోకాళ్ళు, మొహానికి అడ్డంగా పెట్టుకున్న చెయ్యి. గుండె టకటకా కొట్టుకుంటోంది. అమ్మ పైకి వినబడేలా ఏడ్చేసి డాక్టరమ్మకు దండాలు పెట్టింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. అంతా నా భ్రమే, భయానికి అట్లా అనిపించింది అనుకున్నాను. నవ్వుకూడా వచ్చింది.

"మగు మలగిదె," అంది డాక్టరమ్మ కన్నడంలో. బిడ్డ నిద్రపోతోందట.

"ఇప్పుడు కదల్లేదా?" అని అడిగాను.

"లేదమ్మా, చూడండి. కొంచెం కూడా కదల్లేదు." ధైర్యం చెబుతున్నట్టు తన అరచేతిని నా కడుపు మీద ఆనించింది.

తెరమీద బిడ్డ నిశ్చలంగా ఉంది. నేను తెరనే చూస్తున్నాను. అప్పుడు కుడిపక్కన మొదలైంది. సన్నగా... ఒకటి తర్వాత ఒకటి... డాక్టరమ్మ అరచేతి కిందికి వచ్చింది. ఆగింది. అక్కడే, ఆ చేతి కిందే, గీరింది.

ఆమె గబుక్కున చెయ్యి తీసేసింది.

నా కళ్ళలోకి చూడలేదు. అంతా సక్రమంగా ఉందని రిపోర్టు రాసి అమ్మ చేతికిచ్చి, మూలనున్న కొళాయి దగ్గరకు పోయి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. నేను మంచం దిగి, చీర సర్దుకొని, చెప్పులేసుకొని బయటికి వచ్చేదాకా ఆ కొళాయి కట్టలేదు.